మీ ఇంట్లో దాచుకున్న క్రిస్మస్ కానుక ఏది? ఎవరిచ్చారు?

పాలమూరు_మరియ | డిసెంబర్ 3, రాత్రి 9:12

అందరికీ వందనాలు. మా స్త్రీల కూడికలో పోయిన వారం ఒక మాట మీద చాలాసేపు నడిచింది. పిల్లలకు ప్రతి క్రిస్మస్‌కు బట్టలు, బొమ్మలు కొంటున్నాం, మళ్లీ పండుగ వచ్చేసరికి అవి ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. అదే మా అమ్మమ్మలు, నాయనమ్మలు ఇచ్చినవి మాత్రం ఇంకా సందూకుల్లో భద్రంగా ఉన్నాయి. మీ ఇళ్లలో అట్లాంటి కానుక ఏదైనా ఉంటే రాయండి. ఖరీదు ముఖ్యం కాదు. ఎవరిచ్చారు, దాన్ని చూస్తే ప్రభువు సంగతి ఏం గుర్తొస్తుంది, అది చెప్పండి. మా సండే స్కూల్ పిల్లలకు చదివి వినిపిస్తాను.

మా ఇంట్లో ఉన్నది అమ్మ బైబిల్. 1968 క్రిస్మస్‌కు మా తాత ఇచ్చాడు. అమ్మ అప్పుడు మిషన్ కాంపౌండ్ హాస్టల్‌లో ఉండి చదువుకునేది. తాతకు చదువు రాదు, ఒక ఆసామి దగ్గర జీతం ఉండేవాడు. అమ్మమ్మ పల్లికాయ పీకడానికి కూలికి పోయి దాచిన పైసలతో ఆ బైబిల్ కొన్నారు. ముందు పేజీలో పాస్టర్ అయ్యగారితో "మా బిడ్డకు, యేసయ్య పుట్టిన పండుగకు" అని రాయించి కింద తాత తన వేలిముద్ర వేశాడు, సంతకం రాదు కదా. అమ్మ చనిపోయేదాకా రోజూ పొద్దున చదివే ముందు ఆ ముద్ర మీద వేలు పెట్టేది, అక్కడ కాగితం నల్లబడింది. తను ఒక్క అక్షరం చదవలేని మనిషి తన బిడ్డ దేవుని మాట చదవాలని అంత ఆశపడ్డాడు. విశ్వాసం అనగానే నాకు వాక్యం కంటే ముందు ఆ వేలిముద్ర గుర్తొస్తుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. మేం ఇద్దరు అక్కచెల్లెళ్లం, ఒక తమ్ముడు. ఆ బైబిల్ ఎవరి దగ్గర ఉండాలని ఇంట్లో కొంచెం టెన్షన్ నడుస్తోంది. అట్టలు ఊడిపోయాయి, చివరి పేజీలకు పురుగు పట్టింది. పెద్దవాళ్లు ఎవరైనా ఒక మాట చెప్పండి.


దేవరకొండ_టీచర్ | డిసెంబర్ 3, రాత్రి 10:40

వందనాలమ్మా. నేను రిటైరైన టీచర్‌ని, మీ తాత లాంటివాళ్లను చాలామందిని చూశాను. మా ఇంట్లో ఉన్నది ఒక బొంత.

దాని గురించి చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి, ఈ కాలం పిల్లలకు మన జిల్లాల్లో సువార్త ఎట్లా వచ్చిందో తెలియదు. 1890 ప్రాంతంలో నల్గొండలో పని మొదలుపెట్టిన అబ్రాహాం ఫ్రీసెన్ దంపతులు ఇంగ్లండ్ నుంచో అమెరికా నుంచో వచ్చినవాళ్లు కాదు. అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్ నేల మీద సేద్యం చేసుకునే మెన్నోనైట్ (అది ఒక క్రైస్తవ శాఖ) కుటుంబాల నుంచి వచ్చారు. తర్వాత అమెరికా, కెనడాల మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలవాళ్లు నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తిల్లో మిషన్ కాంపౌండ్లు కట్టారు. 1937లో మహబూబ్‌నగర్ మిషన్ కూడా అమెరికన్ బాప్టిస్టుల నుంచి వాళ్ల చేతికి వచ్చింది. ఆ సంఘాల్లో ఆడవాళ్లు ఒకచోట కూర్చొని గుడ్డముక్కలు కలిపి దుప్పట్లు కుట్టి, ముఖం తెలియని పేదవాళ్లకు పంపడం ఒక సేవగా చేసేవాళ్లు, ఇప్పటికీ చేస్తున్నారు.

మా అమ్మ బైబిల్ స్త్రీ. చెప్పుల్లేకుండా ఊళ్లు తిరిగి వాక్యం చెప్పేది. ఒక క్రిస్మస్‌కు కాంపౌండ్ దొరసాని ఆమెకు అట్లాంటి దుప్పటి ఇచ్చింది. అమ్మ దాన్ని తన కోసం ఉంచుకోలేదు. వాడలో ఎవరు కాన్పయినా బాలింతకు, పసిపిల్లకు అది కప్పడానికి ఇచ్చేది. డిసెంబర్, జనవరి చలికి గుడిసెల్లో చంటిపిల్లలు ఎట్లా ఉండేవాళ్లో చూసినవాళ్లకే తెలుసు. అది చిరిగితే ఆ ఇంటివాళ్లు తమ పాత చీర ముక్క వేసి కుట్టి తిరిగి ఇచ్చేవాళ్లు. అట్లా కుట్టీ కుట్టీ ఇప్పుడు అందులో కెనడా గుడ్డ ఎంతుందో, మా వాడ చీరలు ఎంతున్నాయో విడదీసి చెప్పలేం. నేను, నా తమ్ముళ్లు, మా పక్కింటి ఎల్లమ్మ అత్త కొడుకులు, అందరం దాని కింద పడుకున్నవాళ్లమే. ఎల్లమ్మ అత్తవాళ్లు చర్చికి రారు, అయినా బొంత వాళ్లింటికి కూడా పోయింది.

పశువుల తొట్టిలో పొత్తిగుడ్డలతో చుట్టి పడుకోబెట్టారని లూకా రాసింది చదివినప్పుడల్లా నాకు కళ్లముందు ఆ బొంతే కనిపిస్తుంది.


మక్తల్_సుజాత | డిసెంబర్ 3, రాత్రి 11:05

సార్, మీ అమ్మగారి గురించి ఇంకా రాయండి. బైబిల్ స్త్రీల గురించి ఎవరూ రాయరు. మా నాయనమ్మ కూడా అదే పని చేసింది, ఒక్క ఫోటో కూడా లేదు మా దగ్గర.


సత్యవాక్యం_73 | డిసెంబర్ 4, ఉదయం 6:20

ప్రేమతోనే చెప్తున్నాను, తప్పుగా అనుకోకండి. క్రిస్మస్ చేయమని ప్రభువు ఎక్కడా ఆజ్ఞ ఇవ్వలేదు. డిసెంబర్ 25 తేదీ నాలుగో శతాబ్దపు రోమ్ రాతల్లోనే మొదట కనిపిస్తుంది, అర్మేనియా సంఘం ఇప్పటికీ జనవరి 6న చేస్తుంది. సరే, తేదీ సంగతి పక్కన పెడదాం. నా భయం వేరే. రెండో రాజులు 18వ అధ్యాయం చూడండి. మోషే చేసిన ఇత్తడి సర్పం దేవుడు చెప్పి చేయించిందే, పాములు కరిచినప్పుడు దాన్ని చూసి జనం బతికారు. అయినా తర్వాతి తరాలవాళ్లు దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు, చివరికి హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయాల్సి వచ్చింది. మంచి జ్ఞాపకం కూడా విగ్రహం అవుతుంది. వేలిముద్ర మీద వేలు పెట్టడం, బొంతను చూసి కన్నీళ్లు పెట్టడం, ఇది ఎక్కడిదాకా పోతుందో ఆలోచించండి. బైబిల్ లోపల ఉన్నది ముఖ్యం, అట్ట కాదు.

పైగా మన వాడల్లో క్రిస్మస్ బట్టల కోసం అప్పులు చేస్తున్నారు. పాలమూరులో ఇది నేను కళ్లారా చూస్తున్నాను. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఇంటిల్లిపాదికీ కొత్త బట్టలు కొని, ఉగాదిదాకా తీరుస్తూనే ఉంటారు.


కొల్లాపూర్_నది_ఒడ్డు | డిసెంబర్ 4, ఉదయం 8:15

బ్రదర్, అప్పుల సంగతిలో మీతో నూటికి నూరు శాతం ఉన్నాను. ఇత్తడి సర్పం మాట కూడా నిజమే, అది హెచ్చరికే. కానీ అదే బైబిల్లో యెహోషువ 4వ అధ్యాయం కూడా ఉంది. యొర్దాను దాటాక నది మధ్యలో నుంచి పన్నెండు రాళ్లు తెచ్చి నిలబెట్టమన్నది దేవుడే. ఎందుకు? రేపు మీ పిల్లలు ఈ రాళ్లేమిటని అడుగుతారు, అప్పుడు చెప్పండి అని. రాయికి మొక్కమనలేదు, పిల్లలు అడిగేటట్టు ఒకటి కళ్లముందు పెట్టమన్నాడు. మా ఇంట్లో ఉన్నది అట్లాంటిదే.

మా ఊరు ఇప్పుడు లేదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో పోయింది. 1981లో వందకు పైగా ఊళ్లు ఖాళీ చేయించారు కదా, కొల్లాపూర్ వైపు, ఆలంపూర్ వైపు, అవతల కర్నూలు వైపు. మా చర్చి చాలా చిన్నది, మట్టిగోడలు, పైన కప్పు, దానికి ఒక టేకు తలుపు. ఆ తలుపు మా తాతల కాలంలో అందరూ తలా ఇంత వేసుకొని చేయించిందట. ఊరు పోతుందని తెలిసిన తర్వాత వచ్చిన క్రిస్మస్‌కు మా పెద్దనాయన, ఆయన వడ్ల పని చేసేవాడు, పాస్టర్ గారిని అడిగి ఆ తలుపు తీసి, కోసి, ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క సిలువ చేశాడు. జానెడు పొడుగు ఉంటుంది, అంతే. పండుగ ఆరాధన అయ్యాక పేరు పేరునా పిలిచి ఇచ్చారు. ఆ రోజు గుడికి తలుపు లేదు, చలిగాలి నేరుగా లోపలికి కొట్టిందని అమ్మ చెప్పేది.

తర్వాత అందరూ చెల్లాచెదురు అయ్యారు. కొందరు వనపర్తి, కొందరు హైదరాబాద్, కొందరు ఎటు పోయారో తెలియదు. పరిహారం డబ్బులు ఎవరికీ నిలవలేదు. మా సిలువకు ఒక పక్క పాత తలుపు గొళ్లెం మేకు పడిన రంధ్రం ఉంది, పెద్దనాయన కావాలనే దాన్ని పూడ్చలేదు. రెండేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక పెళ్లికి పోతే ఆ ఇంటి గోడ మీద అదే కొలత, అదే రంగు టేకు సిలువ కనిపించింది. అడిగితే వాళ్లు మా ఊరివాళ్లే, మా నాయనకు వరసకు బావ అయ్యే ఆయన కొడుకులు. గంటసేపు మాట్లాడుకున్నాం, వాళ్ల అమ్మ నన్ను పట్టుకొని ఏడ్చింది. నీళ్లు ఊరిని ముంచాయి గానీ సంఘాన్ని ముంచలేదని నాకు ఆ రోజు అర్థమైంది. ఆ సిలువ ముందు మేం మొక్కం బ్రదర్. మా పిల్లలు అడుగుతారు, మేం చెప్తాం.


సత్యవాక్యం_73 | డిసెంబర్ 4, ఉదయం 9:02

యెహోషువ 4 నాకు గుర్తు రాలేదు కాదు, మీరు దాన్ని చెప్పిన తీరు బాగుంది. మీ ఇంట్లో పిల్లలు అడుగుతున్నారు, మీరు చెప్తున్నారు, అది ఉన్నంతకాలం నాకు అభ్యంతరం లేదు. చెప్పేవాళ్లు లేని ఇళ్లలోనే నా భయం.


గద్వాల_నేత | డిసెంబర్ 4, మధ్యాహ్నం 1:30

మా ఇంటి కానుక వేరే రకం. మా నాయన ఏనాడూ చర్చి లోపలికి రాలేదు. మా అమ్మ ఒక్కతే నమ్ముకుంది, అదీ పెళ్లయి నేను పుట్టాక. నాయన మొదట్లో కోపం చేశాడు, తర్వాత ఊరుకున్నాడు. ఆయన మగ్గం మనిషి. గద్వాల చీర గురించి తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, నడుమ భాగం నూలు, అంచులూ కొంగూ పట్టు. నూలును, పట్టును కలిపేచోట పోగుకు పోగు ముడివేసినట్టు అల్లాలి, అది కళ్లకు, వేళ్లకు చాలా కష్టమైన పని. 2010లో ఈ చీరకు జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతానికే చెందిన సరుకని సర్కారు ఇచ్చే గుర్తింపు, వచ్చింది, కానీ నేసేవాడికి ఆ చీర కట్టుకునే స్తోమత అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా అమ్మ పెళ్లిలో కూడా గద్వాల చీర కట్టలేదు.

ఒక ఏడాది సేటు ఇచ్చిన పని అయ్యాక రాత్రిళ్లు కూర్చొని నాయన ఒక చీర నేశాడు. నడుమంతా తెలుపు, సన్నటి ఎర్ర అంచు, జరీ కొంచెమే. ఎవరి ఆర్డర్ అని అమ్మ అడిగితే చెప్పలేదు. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం ఆమె చేతిలో పెట్టి "రేపు మీ గుడికి ఇది కట్టుకొని పో" అన్నాడు, అంతే. మీ వాళ్లు తెల్లవి కడతారు కదా అని కూడా అన్నాడట. ఇన్నేళ్లు ఆయన ఆదివారం ఆదివారం గమనిస్తూనే ఉన్నాడని అమ్మకు అప్పుడు తెలిసింది. ఆ చీర అమ్మ క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు, నా పెళ్లికి, అంతవరకే కట్టింది. ఇప్పుడు నా దగ్గర ఉంది.

నాయన నమ్మాడా లేదా అని కూడికలో కొందరు అడుగుతారు. నాకు తెలియదు, అది ఆయనకూ దేవునికీ మధ్య సంగతి. నాకు తెలిసింది ఒక్కటే, ప్రేమ అంటే ఏమిటని మా పిల్లలు అడిగితే 1 కొరింథీయులు 13 చదివి ఆ చీర చూపిస్తాను.


మక్తల్_సుజాత | డిసెంబర్ 4, మధ్యాహ్నం 2:10

అక్కా, చీర ఎట్లా దాచారు? మా అమ్మ నారాయణపేట పట్టుచీర మడతల దగ్గర చీలిపోతోంది.


గద్వాల_నేత | డిసెంబర్ 4, మధ్యాహ్నం 2:45

హ్యాంగర్‌కు వేలాడదీయొద్దు, బరువుకు సాగిపోతుంది. ఉతికిన పాత నూలు పంచెలో చుట్టి పెట్టు, ప్లాస్టిక్ కవర్ వద్దే వద్దు. మూడు నెలలకొకసారి తీసి మడత మార్చాలి, ఎప్పుడూ ఒకే గీత మీద మడిస్తే అక్కడే చీలుతుంది. కలరా ఉండలు జరీకి తగలనీయకు, నల్లబడుతుంది. సెంటు కూడా చల్లొద్దు. ఇప్పటికే చీలిన చోట లోపల పలుచటి నూలు గుడ్డ పెట్టి నెట్ కుట్టు వేయించు, గద్వాలలో, నారాయణపేటలో చేసేవాళ్లు ఉన్నారు.


గ్రంథాలయం_శ్యామ్ | డిసెంబర్ 4, సాయంత్రం 6:50

నేను క్రైస్తవుడిని కాను, పాత పుస్తకాలతో పని చేసేవాడిని, అందుకే మరియ గారి బైబిల్ గురించి నాలుగు మాటలు. మొదట పురుగు పని చూడాలి. పుస్తకాన్ని గాలి చొరని పాలిథిన్ సంచిలో బిగించి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి, పురుగులూ గుడ్లూ చచ్చిపోతాయి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకండి, ఒక రోజు ఆగి మామూలు వేడికి వచ్చాక విప్పాలి, లేకపోతే కాగితానికి చెమ్మ పడుతుంది. చిరిగిన పేజీలకు సెల్లోటేప్ వేయొద్దు, కొన్నేళ్లకు జిగురు పసుపు మరకై కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. పలుచటి టిష్యూ కాగితాన్ని గోధుమ గంజితో అంటిస్తే చాలు. వేపాకు అల్మారాలో పెట్టొచ్చు, పేజీల మధ్య పెట్టొద్దు, మరకలు పడతాయి.

వేలిముద్ర ఉన్న పేజీని ముందుగా మంచి స్కానర్ మీద రంగుల్లో స్కాన్ చేయించండి. ఇక దాన్ని వేలితో తాకకండి, ఎండ తగలనీయకండి. అట్టలు కట్టించేటప్పుడు బైండింగ్ ఆయనకు గట్టిగా చెప్పండి, అంచులు కత్తిరించొద్దని. వాళ్లు అలవాటుగా మూడు వైపులా కోసేస్తారు, అంచుల్లో మీ అమ్మగారు రాసుకున్నవి ఏమైనా ఉంటే పోతాయి.

మా ఇంట్లో కూడా ఒక క్రిస్మస్ వస్తువు ఉంది. మా పక్కింటి అంకుల్ వాళ్లు ప్రతి ఏడాది స్టీలు డబ్బాలో కేకు, గరిజెలు పంపేవాళ్లు, మా అమ్మ ఆ డబ్బాను ఖాళీగా పంపకూడదని సంక్రాంతికి సకినాలు నింపి పంపేది. అంకుల్ వాళ్లు నల్గొండ వదిలి పోయేటప్పుడు డబ్బా మా దగ్గరే ఉండిపోయింది. అమ్మ అందులో ఇంకేమీ పోయదు.


పాలమూరు_మరియ | డిసెంబర్ 4, రాత్రి 8:30

శ్యామ్ గారూ, చాలా చాలా థాంక్స్. అంచుల్లో అమ్మ రాసుకున్నవి నిండా ఉన్నాయి, ఏ తేదీన ఎవరి కోసం ప్రార్థన చేసిందో. రేపు బైండింగ్‌కు ఇద్దామనుకున్నాం, మంచి సమయానికి చెప్పారు.


బొంబాయి_బస్సు | డిసెంబర్ 5, రాత్రి 11:50

అందరివీ చదివాను, పడుకోలేకపోతున్నాను, నాదీ రాస్తాను.

మా ఇంట్లో ఉన్నది ఒక క్యాసెట్. 1994 క్రిస్మస్. మా నాయన బొంబాయిలో బిల్డింగ్ పనిలో ఉన్నాడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, డ్యాములు, రోడ్లు, బిల్డింగులు ఎక్కడ చూసినా మావాళ్లే, నారాయణపేట నుంచి బొంబాయికి బస్సు నిండా మావాళ్లే పోయేవాళ్లు. ఆ ఏడాది పండుగకు మేస్త్రీ సెలవు ఇవ్వలేదు, ఇస్తే లెక్క తేలదని పైసలు కూడా పట్టుకున్నాడు. బట్టలు పంపడానికి నాయన దగ్గర ఏమీ లేదు. అందుకని తోటి కూలీ దగ్గర టేప్ రికార్డర్ అడుక్కొని ఖాళీ క్యాసెట్ మీద మా కోసం ప్రార్థన చేసి రికార్డు చేసి, ఊరికి వచ్చే మనిషితో పంపాడు.

మా ఇంట్లో టేప్ రికార్డర్ లేదు. ఊళ్లో చాయ్ హోటల్ నడిపే చాచా దగ్గర ఉండేది. అమ్మ మమ్మల్ని ముగ్గురినీ తీసుకొని పోయి అడిగితే ఆయన పాటలు ఆపి, గిరాకీకి వచ్చినవాళ్లను కూడా మాట్లాడకుండా కూర్చోమని చెప్పి క్యాసెట్ వేశాడు. నాయన ముందు మా ఒక్కొక్కరి పేరు చెప్పి దేవునికి అప్పగించాడు. నాకు దగ్గు తగ్గాలని, అక్క ఏడో తరగతి పాస్ కావాలని, అమ్మకు నడుము నొప్పి పోవాలని. తర్వాత మేస్త్రీ కోసం కూడా ప్రార్థన చేశాడు, ఆయన పిల్లలు బాగుండాలని. అమ్మ అక్కడ ఏడ్చింది. వెనక కాంక్రీట్ మిల్లర్ చప్పుడు వస్తూనే ఉంది. ప్రార్థన అయ్యాక చాచా కూడా మాతోపాటు ఆమీన్ అన్నాడు.

నాయన ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు, పక్షవాతం వచ్చాక మాట సరిగా రాదు. నా పిల్లలకు వాళ్ల తాత గొంతు తెలిసింది ఆ క్యాసెట్ వల్లనే. శత్రువుల కోసం ప్రార్థన చేయమని మత్తయి 5లో ఎన్నిసార్లు విన్నా, దాన్ని చేసిన మనిషి గొంతు మా ఇంట్లో ఉంది.

ఇప్పుడు టేపు కొన్నిచోట్ల సాగి వినిపిస్తోంది. ఎవరికైనా దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం తెలుసా?


కొల్లాపూర్_నది_ఒడ్డు | డిసెంబర్ 6, ఉదయం 7:05

అన్నా, ఇక ఆ క్యాసెట్ మళ్లీ మళ్లీ వేయకండి. ముందు ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటికి తిప్పండి, అతుక్కున్న చుట్లు వదులవుతాయి. ప్లేయర్ హెడ్‌ను, రబ్బరు చక్రాన్ని దూదికి స్పిరిట్ అద్ది తుడవండి, ఆరాక వేయండి. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు ఒక కేబుల్ వేసి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేయొచ్చు. క్యాసెట్ లోపల చిన్న స్పాంజి మెత్త ఊడిపోయి ఉంటే శబ్దం మందంగా వస్తుంది, అప్పుడు చక్రాలను టేపుతో సహా తీసి వేరే మంచి క్యాసెట్ డొక్కలో పెట్టించాలి. మిల్లర్ చప్పుడు తీసేయిస్తామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, అది కూడా ఉండాలి.


నల్గొండ_తెరెస | డిసెంబర్ 6, మధ్యాహ్నం 12:20

మేం క్యాథలిక్కులం. నల్గొండ మేత్రాసనం (బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) 1976లో ఏర్పడింది, మా అమ్మ అంతకు ముందు నుంచే సిస్టర్ల దగ్గర వంట పని చేసేది. ఒక సిస్టర్ తన దేశానికి తిరిగి పోతూ, తన గదిలో పెట్టుకునే మట్టి బాలయేసు బొమ్మను క్రిస్మస్ కానుకగా అమ్మకు ఇచ్చి పోయింది. పశువుల పాక పెట్టే ఆచారం 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ పునీత ఫ్రాన్సిస్ గారితో మొదలైందని, పేదవాళ్లు ఆ పుట్టుకను కళ్లతో చూడాలని ఆయన అట్లా చేశాడని కూడా చెప్పి పోయింది.

మా ఇంట్లో క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలం మొదలవగానే ఖాళీ తొట్టి పెడతాం. పిల్లలు ఎవరికైనా ఒక మంచి పని చేస్తే ఒక గడ్డిపరక తొట్టిలో వేయాలి. అర్ధరాత్రి పూజ నుంచి వచ్చాక బొమ్మను ఆ గడ్డి మీద పెడతాం. పరకలు తక్కువ ఉంటే బాలుడికి చలి వేస్తుందని అమ్మ చెప్పేది, మేం పరుగెత్తి పక్కింటి అవ్వకు నీళ్లు మోసి వచ్చేవాళ్లం. ఇప్పుడు నా పిల్లలూ అదే చేస్తున్నారు. సత్యవాక్యం బ్రదర్‌కు ఇది నచ్చకపోవచ్చు, మా పద్ధతి ఇది.


సత్యవాక్యం_73 | డిసెంబర్ 6, మధ్యాహ్నం 1:15

బొమ్మ విషయంలో నా నమ్మకం వేరు సిస్టర్, అది దాచను. కానీ అవ్వకు నీళ్లు మోయడం గురించి నేనేమీ అనలేను.


మునుగోడు_శాంతి | డిసెంబర్ 6, రాత్రి 9:40

మా ఊరు మర్రిగూడ దగ్గర. ఫ్లోరైడ్ నీళ్లు అంటే అందరికీ తెలిసిందే. మా తాతకు నలభై దాటేసరికే నడుము వంగిపోయింది, మోకాళ్లు బిగిసిపోయాయి, తల ఎత్తి ఆకాశం చూడలేకపోయేవాడు. పొలం పని పోయింది, కూర్చొని బుట్టలు అల్లేవాడు. నేను పుట్టిన ఏడాది క్రిస్మస్‌కు వెదురు బద్దలతో నక్షత్రం చేసి నా పేరు మీద మా అమ్మకు ఇచ్చాడు. అప్పటిదాకా మా ఇంటి మీద నక్షత్రం లేదు.

ప్రతి ఏడాది పాత కాగితం తీసి కొత్త పతంగి కాగితం మైదా లైతో అంటిస్తాం. ఆ బద్దలు మాత్రం ఆయన చీల్చినవే, ఇప్పటికీ ఒక్కటి విరగలేదు. తను చూడలేని నక్షత్రాన్ని మా కోసం అంత ఎత్తున కట్టించి, వాకిట్లో కూర్చొని నేల మీద పడే ఎర్రటి వెలుగు చూసి "వెలిగిందా బిడ్డా" అని అడిగేవాడు. బాధతో రాత్రంతా మూలిగిన మనిషి పొద్దున్నే కీర్తన పాడేవాడు. సర్కారు మిషన్ భగీరథ పథకం నీళ్లు మా ఊరికి వచ్చేసరికి ఆయన లేడు. నా పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి, ఆ కృతజ్ఞతతో ఈసారి వాళ్లతోనే కాగితం అంటింపిస్తున్నాను.


దేవరకొండ_టీచర్ | డిసెంబర్ 7, ఉదయం 6:30

శాంతమ్మా, మీ తాత లాంటి విశ్వాసం నాకు ఈ వయసులో కూడా లేదు.

మరియమ్మ అడిగిన దానికి నా మాట. పౌలు తిమోతికి రాస్తూ ఆయన అవ్వ లోయి, తల్లి యునీకేల విశ్వాసం గుర్తు చేస్తాడు. ఆ విశ్వాసం ఆస్తిలా భాగాలకు పంచేది కాదు. ముగ్గురిలో ఎవరు దాన్ని తెరిచి చదువుతారో వాళ్ల దగ్గర ఉండనీయండి, మిగతా ఇద్దరూ చదవాలనుకున్నప్పుడు తలుపు తీయాలి. సందూకులో పెట్టి తాళం వేసేవాళ్లకు ఇవ్వొద్దు. అప్పుల సంగతిలో సత్యవాక్యం గారు చెప్పింది ప్రతి పాస్టరూ పలకాలి. తెలంగాణ సర్కారు 2014 నుంచి కొన్నేళ్లు క్రిస్మస్‌కు పేదలకు బట్టలు ఇచ్చింది, అట్లాంటి వాటితోనే పండుగ చేసుకుంటే ఏం తక్కువ? మా వాడలో ఒక విధవరాలు తనకు వచ్చిన చీరను తన కంటే లేనిదానికి ఇచ్చేసింది, ఆ సంగతి ఆమె చెప్పలేదు, తీసుకున్నామె సాక్ష్యంలో చెప్పింది.


పాలమూరు_మరియ | డిసెంబర్ 10, రాత్రి 9:00

సార్ మాట తమ్ముడికి, చెల్లెలికి చదివి వినిపించాను. బైబిల్ తమ్ముడి దగ్గర ఉంటుంది, వాడే రోజూ చదువుతున్నాడు, నాకు నిజంగానే మనసు ఒప్పుకుంది. వేలిముద్ర పేజీ స్కాన్ చేయించి ముగ్గురికీ, అమ్మ తోబుట్టువులకూ ఫ్రేమ్ కట్టించి ఈ క్రిస్మస్‌కు ఇస్తున్నాం. అమ్మ అంచుల్లో రాసిన ప్రార్థనలను చెల్లెలు నోటుబుక్కులోకి ఎక్కిస్తోంది, ఎవరెవరి కోసమో చేసింది, కొందరి పేర్లు మాకు తెలియనే తెలియవు.

ఇంకొక్క ప్రశ్న. సండే స్కూల్‌లో చిన్నపిల్లలకు ఈసారి ప్లాస్టిక్ బొమ్మలు వద్దనుకున్నాం. డబ్బులు తక్కువే ఉన్నాయి. ఏమిస్తే బాగుంటుంది?


బొంబాయి_బస్సు | డిసెంబర్ 10, రాత్రి 9:25

వాళ్ల తాతనో అవ్వనో చర్చికి పిలిపించి, ఆ పిల్ల పేరు చెప్పి ప్రార్థన చేయించి ఫోన్‌లో రికార్డు చేసి ఇవ్వండక్కా. ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్ ఉంది, పైసా ఖర్చు లేదు. మా నాయన క్యాసెట్ మొన్న కంప్యూటర్‌లోకి ఎక్కింది, శుభ్రంగా వచ్చింది, ఆయన పక్కన కూర్చొని విన్నాడు.


మునుగోడు_శాంతి | డిసెంబర్ 10, రాత్రి 9:50

నక్షత్రాలు చేయిద్దాం అక్కా, పిల్లలే చేసుకొని ఇంటికి పట్టుకుపోతారు. మా ఆయనకు తాత పని వచ్చు. 20వ తేదీ శనివారం మేం మహబూబ్‌నగర్ వస్తున్నాం, మధ్యాహ్నం మీ చర్చిలో కూర్చుందాం. వెదురు బద్దలు మేం చీల్చి తెస్తాం, ఒక్కొక్క నక్షత్రానికి పది బద్దలు పడతాయి, పిల్లలు ఎంతమందో చెప్పండి. పతంగి కాగితం మాత్రం మీరే కొనాలి, ఇక్కడ ఎరుపు దొరకడం లేదు. మైదా లై ఆ రోజు పొద్దున కాచితే చాలు, ముందు రోజే కాస్తే పులుస్తుంది.